బోణీకి పనికిరాని మనుషులు

బుధవారం పొద్దున ఐదుంపావుకు పెనుకొండ ఆటో స్టాండులో వెంకటేష్ తన బండి మీద నీళ్లు చల్లి, అద్దం తుడిచి, ఆంజనేయుడి పటం ముందర రెండు ఊదుబత్తీలు వెలిగించాడు. ఆ రోజు సీరియల్లో, అంటే బండ్ల వరసలో, మొదటి బండి అతనిదే. ఊదుబత్తుల పొగ బండి దాటి బయటికి రాకముందే మాబుసాబ్ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. వెంకటేష్ అతన్ని చూడనట్టే అద్దాన్ని మళ్లీ తుడిచాడు. కొన్ననాటి నుంచి ఆ అద్దానికి అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

“బోణీ కాలేదు సాబూ. రెండో ట్రిప్పుకు రా,” అన్నాడు చివరికి.

మాబుసాబ్‌కు ఈ మాట కొత్త కాదు. రెండు నెలలుగా వారానికి మూడుసార్లు వింటున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి, కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. షుగరు ముందు కాలిని తిని, తర్వాత కిడ్నీల మీద పడింది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏడింటికల్లా హిందూపురంలో డయాలిసిస్ మంచం మీద పడుకోవాలి. గంట దారి. బస్సులున్నాయి గాని వాటి మెట్టు అతని తొడ ఎత్తు. పోయిన నెల ఆ మెట్టు మీద నుంచే వెల్లకిలా పడ్డాడు. కారు మాట్లాడుకునే తాహతు, జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే కూతురు రుక్సానాకు ఎక్కడిది? మిగిలింది ఆటో ఒకటే. ఆటో ఎక్కడం అతనికి చేతనవును. బండికి వీపు పెట్టి, అంచు మీద పిరుదు ఆనించి, చంకకర్ర లోపల పడేసి, కుడిచేత్తో రాడ్డు పట్టుకుని, ఉన్న ఒక్క కాలితో నేలను తన్ని లోపలికి జరుగుతాడు. ఎడమచేతికి మాత్రం ఏ పనీ చెప్పడు. డయాలిసిస్ సూదులు గుచ్చే నరం ఆ చేతిలోనే ఉంది. అది చితికితే మనిషి లేడు.

ఎక్కడం చేతనైతే ఏం లాభం, ఎక్కించుకునేవాడు ఉండాలి గదా. ఆ స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి బండికీ మొదటి ట్రిప్పంతా బోణీ కిందే లెక్క. ఆ ట్రిప్పులో కుంటివాళ్లు, గుడ్డివాళ్లు, మొగుడు పోయిన ఆడవాళ్లు ఉండకూడదు. ఉంటే ఆ రోజు బేరం మునిగినట్టే. అందరికీ మొదటి ట్రిప్పు మొదటి ట్రిప్పే కాబట్టి, దగ్గరి ఊళ్లకు పోయిన బండ్లు తిరిగి వచ్చేదాకా ఇలాంటివాళ్లు మూసిన బేకరీ ముందరి బండ మీద కూర్చోవాలి. ఎవరూ గొడవ పడరు. కట్టుబాటు అంటే అంతే, దానికి బోర్డు అక్కర్లేదు.

ఆ బండ మీద రోజూ కూర్చునే ఇంకో మనిషి పుట్టమ్మ. ఆమెకూ మాబుసాబ్ వయసే ఉంటుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో గూళ్లు ఏరే కూలికి పోతుంది. ఆలస్యంగా పోయినవాళ్లకు మిగిలేది పుచ్చుగూళ్ల కుప్పే, దానికి కూలి తక్కువ. రెండు నెలలుగా ఒకే బండ మీద కూర్చున్నా ఆమె మాబుసాబ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. అటు తిరిగి, వీపు చూపించి కూర్చునేది. ముసలామెకు పొగరు అనుకున్నాడు అతను.

కానీ ఈ బుధవారం మాబుసాబ్ బండ దగ్గరికి పోలేదు. సోమవారం హిందూపురంలో అమృత చెప్పిన మాట రెండు రోజులుగా అతన్ని వదల్లేదు. డయాలిసిస్ మిషన్లు చూసుకునే పిల్ల ఆమె, మెత్తని మనిషి. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యంగా వచ్చారని, మూడోసారి ఏడు దాటితే ఆ మంచం వేరేవాళ్లకు ఇచ్చేస్తారని, ధర్మవరం నుంచి ఒక మగ్గం పనాయన నెల రోజులుగా మంచం కోసం కాచుకుని ఉన్నాడని తల వంచుకుని చెప్పింది. మంచం పోతే ఎన్నాళ్లు బతుకుతానని మాబుసాబ్ అడిగాడు. ఆమె పక్క మంచం మిషను చూడడానికి పోయింది. అందులోనే లెక్క తెలిసింది.

అందుకని ఈసారి అతను వెంకటేష్‌ను అడగలేదు. బండికి వీపు పెట్టి, కర్ర లోపల పడేసి, రాడ్డు పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.

“దిగు సాబూ.”

“దిగను. పోనీ బండి.”

“బోణీ కాలేదని చెప్తాండా గదా. దిగు.”

“నా పానానికన్నా నీ బోణీ ఎక్కువనా? పోనీ.”

వెంకటేష్ మామూలుగా చెడ్డవాడు కాదు. కానీ పక్కన నలుగురు డ్రైవర్లు చూస్తున్నారు. చూసేవాళ్లున్నప్పుడు మగవాడికి ఒళ్లు తెలియదు. లోపలికి వంగి చేతికి దొరికిన రెక్క పట్టుకుని లాగాడు. దొరికింది ఎడమ రెక్క.

మాబుసాబ్ నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. మరుక్షణం కర్ర లేచింది. కర్ర కింది కొన వెంకటేష్ మూతి మీద పడింది. పళ్లు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వెంకటేష్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయి కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం, దాంతోబాటు ముందరి పళ్లు రెండు కింద పడ్డాయి. మాబుసాబ్ అంతటితో ఆగలేదు. కూర్చున్న చోటు నుంచే ఇంకో దెబ్బ భుజం మీద వేశాడు, ఇంకోటి చెవి మీద. రెండు నెలల కోపం ఒక్కసారి చేతికి వచ్చింది. కొడుతుంటే హాయిగా ఉంది కూడా. ఆ మాట తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయాడు గాని, నిజంగానే హాయిగా ఉంది.

డ్రైవర్లు నలుగురూ వచ్చి పడ్డారు. కాలు పట్టి ఈడిస్తే అతని తల బండి అంచుకు కొట్టుకుని, అక్కణ్నుంచి నేల మీద పడింది. ఒకడు డొక్కలో తన్నాడు, ఒకడు లేని కాలి మొండి మీద తొక్కాడు. జాకీ రాడ్డు పట్టుకుని ఇంకొకడు వస్తుంటే రుక్సానా చూసింది. తండ్రి తల చూడలేదు, నడుము చూడలేదు. ఆ ఎడమచేతిని రెండు చేతులా వాటేసుకుని దాని మీద బోర్లా పడుకుంది. రాడ్డు ఆమె వీపు మీద పడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోదానికి ఆమె నోట మాట పోయింది గాని చేయి మాత్రం వదల్లేదు.

స్టాండు పెద్ద బాలప్ప టీ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకు వచ్చి తిట్లు లంకించుకున్నాకనే వాళ్లు ఆగారు.

108 వచ్చింది. నెత్తురు కారుతున్న తల, పక్కన డయాలిసిస్ కాగితాలు చూసి నేరుగా హిందూపురం తీసుకుపోయారు. ఆరున్నరకే దింపారు. రెండు నెలల్లో మాబుసాబ్ ముందుగా చేరిన రోజు అదొక్కటే. తలకు నాలుగు కుట్లు వేశాక అమృత అతని ఎడమచేయి మీద చెవి ఆనించింది. లోపల నరం గుయ్యిమంటూ మోగుతూనే ఉంది. ఆమె తల పైకెత్తి రుక్సానాను చూసి, బాగుందక్కా అంది. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న రుక్సానా గోడకు నుదురు ఆనించి ఏడ్చింది.

గురువారం పదకొండింటికి రెండు వర్గాలనూ స్టేషనుకు పిలిపించారు. ఒక బల్ల మీద మూతి వాచిన వెంకటేష్, బాలప్ప. ఇంకో బల్ల మీద తలకు కట్టుతో మాబుసాబ్, వీపు ఆనించలేక నిటారుగా కూర్చున్న రుక్సానా. ఎవరికి వాళ్లు ఫిర్యాదు రాసుకొచ్చారు. ఎవరి కాగితంలో చూసినా ముందు కొట్టింది ఎదుటివాడే. ఎస్సై రెండూ చదివి, స్టాండులో ఇంకెవరున్నారని అడిగాడు. బండ మీద పుట్టమ్మ ఉందని బాలప్పే చెప్పాడు. ఆమెను పిలిపించారు.

పుట్టమ్మ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది. మాబుసాబ్‌కు లోపల ధైర్యం వచ్చింది. తనలాగే ఆ బండ మీద కూర్చునే మనిషి, తనలాగే బోణీకి పనికిరానిది. తన పక్షం మాట్లాడక ఎవరి పక్షం మాట్లాడుతుంది?

“చూసినా సార్,” అంది. “ఎంకటేసు ఈయప్పను రెక్క పట్టి ఈడ్సినాడు. ఈయప్ప కర్రతో పండ్లు రాలగొట్టినాడు. మిగిలినోళ్లు ఈయప్పను తన్నినారు, ఆ పాపను రాడ్డుతో కొట్టినారు. నేనేం దాసిపెట్టలేదు.”

ఎస్సై సరేనమ్మా, పో అన్నాడు. ఆమె పోలేదు. కుడిచేయి తీసి అతని మేజా మీద పెట్టింది. నడిమి వేలు, దాని పక్క వేలు కణుపుల దగ్గర వంకరపోయి లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

“ఇది గూడా రాసుకోండి సార్. నలబై ఐదేండ్లాయ. అప్పుడు ఆటోలు యాడివి, జట్కాలు గదా. ధర్మవరంలో అచ్చులతికే పని దొరికింటే పొద్దున రైలుకు పోవల్లని వచ్చినా. నా మొగుడు సచ్చి నాలుగు నెల్లు. టేసనుకు పోయే జట్కా ఒకటే ఉండె. బోణీ కాలేదు పో అన్న్యాడు. రైలు పోతాదప్పా అని బండి పట్టుకోని ఎక్కబోయినా. చెర్నాకోల కట్టెతో యేళ్ల మీద కొట్టినాడు.” ఆమె మాబుసాబ్ వైపు తిరిగింది. రెండు నెలల్లో అతని మొహం చూడడం ఆమెకు అదే మొదలు. “ఈ సాబే.”

అచ్చులతకడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. మగ్గం మీద అయిపోయిన పడుగు పోగు చివరకు కొత్త పోగును వేళ్లతో మెలేసి అతకాలి. ఒక్కో చీరకు వేల పోగులు. దానికి కావాల్సింది కళ్లు, వేళ్లు, అంతే. ఆ వేళ్లతో ఆమె ఎన్నాళ్లు అతికిందని ఎవరూ అడగలేదు. నలభై ఐదేళ్ల కిందటి సంగతి ఇప్పుడు రాయలేనమ్మా అని ఎస్సై మెల్లగా అన్నాడు.

“రాయద్దులే సార్. విన్నారు గదా,” అని ఆమె వెళ్లిపోయింది.

బాలప్ప సందు దొరికించుకున్నాడు. కట్టుబాటు తాము పెట్టింది కాదని, జట్కాల కాలం నుంచీ వస్తున్నదేనని, దాన్ని చెర్నాకోలతో నడిపినవాళ్లే ఇప్పుడు తమ మీద కేసు పెడుతున్నారని గట్టిగా చెప్పాడు. చివరికి ఎస్సై ఇద్దరికీ రాజీ కాగితం రాయించాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి బండి మాబుసాబ్‌ను, ఆయన కూతురిని ఎక్కించుకోవాలి. ఇంకోసారి చేయి లేస్తే ఇద్దరినీ లోపల వేస్తానన్నాడు. అందరూ సంతకాలు పెట్టారు. మాబుసాబ్ కోరుకున్నది దొరికింది. దొరికిన మనిషి మొహంలా మాత్రం అతని మొహం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మంచం మీద కూర్చుని అతను జ్ఞాపకం చేసుకోబోయాడు. జట్కాకు కట్టిన గుర్రాలు నాలుగూ గుర్తున్నాయి, వాటి పేర్లు, వాటి రోగాలు కూడా. చెర్నాకోల కట్టె ఏ సంతలో కొన్నాడో గుర్తుంది. చలికాలం పొద్దున రైలు కూతకు గుర్రం చెవులు నిక్కబొడవడం గుర్తుంది. బండి పట్టుకున్న ఇరవై ఏళ్ల ఆడమనిషి మాత్రం ఎంత వెదికినా దొరకలేదు. ఒకరినో ఇద్దరినో కొట్టి ఉంటే గుర్తుండేది. బోణీ చెడగొట్టడానికి వచ్చినవాళ్లను అదిలించడం అప్పట్లో నీళ్లు తాగినంత పని. ఈగను తోలితే ఎవరికి గుర్తుంటుంది?

రుక్సానా వీపు మీద కమిలిన వాతలకు పక్కింటామె చేత నూనె రాయించుకుని వచ్చి గడపలో కూర్చుంది.

“నిజమేనా నాయనా?”

“గుర్తు లేదు పాపా. కొట్టే ఉంటా.”

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోతూ అంది. “నన్ను కొట్టినోనికీ ఇంకో నాలుగు దినాలకు గుర్తుండదులే.”

కోపంగా అనలేదు. అన్నం ఉడికిందని చెప్పినంత మామూలుగా అంది. ఆ మాట మాబుసాబ్‌కు తల మీది నాలుగు కుట్ల కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

శుక్రవారం పొద్దున మొదటి బండి మళ్లీ వెంకటేష్‌దే. రెండు రోజులు బండి తీయలేదు కాబట్టి అతని సీరియల్ అట్లాగే ఉంది. మూతి ఇంకా బన్నులా వాచి ఉంది. కాగితం కాగితమే, దిష్టి దిష్టే అని ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టుకున్నాడు. మాబుసాబ్‌ను చూసి వెనక సీటు వైపు గడ్డంతో చూపించి మొహం తిప్పుకున్నాడు. మాబుసాబ్ ఎక్కాడు, రుక్సానా ఎక్కింది. ఐదు నలభై. ఇప్పుడు బయల్దేరితే తీరిగ్గా చేరొచ్చు.

పుట్టమ్మ బండ మీద నుంచి లేచి వచ్చింది. కాగితం సంగతి ఆమె కూడా వింది. ఒకరికి తెరిచిన తలుపు తనకూ తెరుచుకుంటుందనుకుంది పాపం. వచ్చి బండి రాడ్డు పట్టుకుంది.

“కాగితంలో నీ పేరు లేదవ్వా. రెండో ట్రిప్పుకు రా,” అన్నాడు వెంకటేష్.

“సాబునెక్కించుకున్న్యావు గదా. నేనెక్కితే ఏమైతాది?”

“ఒక దరిద్రం చాలు నాకు. వదులు.”

ఆమె వదల్లేదు. వెంకటేష్ సీట్లోంచి వెనక్కి వంగి, రాడ్డు మీద ఆమె వేళ్లను ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు. చిటికెన వేలు ఊడదీశాడు. వంకర వేళ్లు రెండూ రాడ్డుకు కొక్కెంలా పట్టుకుని అంత సులువుగా రాలేదు. అతను ఇంకొంచెం గట్టిగా విరిచాడు. ఆమె పళ్లు బిగించింది గాని అరవలేదు.

అదంతా మాబుసాబ్ మొహానికి జానెడు దూరంలో జరుగుతోంది. నిన్న సాయంత్రమంతా వెదికినా దొరకనిది ఇదిగో ఇక్కడ, కళ్లెదురుగా జరుగుతోంది. అతను కర్ర బయట పెట్టి, అంచుకు జరిగి దిగాడు.

“నాయనా, టయిమైతాంది,” అని రుక్సానా చొక్కా పట్టుకుంది. అతను ఆగలేదు. చొక్కా భుజం దగ్గర చిరిగి పీలిక ఆమె చేతిలో ఉండిపోయింది. “మంచం పోతాది! సావల్లని ఉండాదా నీకు?”

అతను గెంతుకుంటూ బండి ముందరికి పోయి చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ముందు ఆమె ఎక్కల్ల. ఆమె ఎక్కినాకనే నేనెక్కేది,” అన్నాడు.

వెంకటేష్‌కు తల తిరిగిపోయింది. ఈ ముసలివాడి కోసం పళ్లు పోయాయి, రెండు రోజుల బేరం పోయింది, ఇప్పుడు ఎక్కించుకున్నా దిగి అడ్డం నిలబడ్డాడు. బండి స్టార్ట్ చేసి ముందుకు ఉరికించాడు. నిమ్మకాయ చితికింది. చక్రం మాబుసాబ్ ఒంటికాలి పిక్కకు తగిలి చర్మం చీరుకుపోయింది. అతను మోకాలి మీద పడ్డాడు, కర్ర ఎగిరి కాలవలో పడింది. పడ్డవాడు పక్కకు జరగలేదు. చక్రాన్ని కావిలించుకుని అక్కడే కూర్చున్నాడు. వెంకటేష్ సీటు కింద నుంచి జాకీ రాడ్డు లాక్కుని దిగాడు.

“జరుగుతావా, తల పగలగొట్టల్లా?”

మాబుసాబ్ తల పైకెత్తాడు. బుధవారం నాటి కోపం కోసం వెదుక్కున్నాడు. లేదు.

“కొట్టప్పా. నేనూ ఇట్లనే కొట్టినోణ్ణి,” అన్నాడు. “నీ మేలుకే చెప్తాండా. కొట్టినంక నీకు గుర్తు గూడా ఉండదు. నాకు లేదు చూడు.”

పైకెత్తిన రాడ్డు పైనే ఉండిపోయింది. వెంకటేష్ చుట్టూ చూశాడు. బుధవారం వచ్చి పడ్డ నలుగురూ ఈ రోజు తమ తమ బండ్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఒకడు తన అద్దం తుడుచుకుంటున్నాడు. బాలప్ప టీ గ్లాసు పట్టుకుని దగ్గరికి రాబోయి మధ్యలో ఆగిపోయాడు. కొట్టు అని ఎవరూ అనలేదు, వద్దు అని కూడా అనలేదు. రాడ్డు అతని చేతిలో బరువైపోయింది.

“మీ ఇద్దరిదీ అయితే పోదామా? నాకు మార్కెట్టుకు పొద్దు పోతాంది,” అన్న మాట వినిపించింది.

పుట్టమ్మ ఈ గొడవలో ఎప్పుడు ఎక్కిందో ఎవరూ చూడలేదు. వెనక సీట్లో, మాబుసాబ్ కూర్చున్న మూలలోనే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

వెంకటేష్ రాడ్డు సీటు కిందికి విసిరేసి, తల్లినీ తండ్రినీ కలిపి ఎవరినో తిట్టి, బండి ఎక్కాడు. రుక్సానా కాలవలోంచి కర్ర తీసి తండ్రిని లేపింది. కాలి మీద రక్తం కారుతుంటే అతను వెనక్కి తిరిగి, బండి రాడ్డు పట్టుకుని, నేలను తన్ని లోపలికి జరిగాడు. పుట్టమ్మ చేయి ఇవ్వలేదు. కొంచెం పక్కకు జరిగింది, అంతే. ఆరయింది.

ఆ కోపంలో వెంకటేష్ బండిని తోలిన తోలుడు చెప్పనలవి కాదు. సోమందేపల్లిలో చేయి చూపించిన మనుషుల కోసం కూడా ఆగలేదు. గుంతలకు ఎగిరెగిరి పడుతూ ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడుతూ పోయారు. అదృష్టమో, దరిద్రమో, వెంకటేష్ లెక్కలో ఏదైతేనేం, బండి హిందూపురం ఆసుపత్రి గేటు ముందర ఆగేసరికి ఏడుకు ఆరు నిమిషాలు తక్కువ.

పుట్టమ్మ దిగి కొంగు సర్దుకుంది. మార్కెట్టు అక్కణ్నుంచి నడిచే దూరమే. పోబోతుంటే మాబుసాబ్ బండి అంచు మీద కూర్చునే పిలిచాడు.

“పుట్టమ్మా. నాకు గుర్తు రాలేదు. నిన్నంతా తలుచుకున్న్యా, రాలేదు.”

ఏదైనా అంటుందని చూశాడు. తిడుతుందని, పోనీలే అంటుందని, ఏడుస్తుందని. ఏదైనా సరే తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె అతని కాలి మీద రక్తం చూసింది, చిరిగిన చొక్కా చూసింది.

“నీకు గుర్తొస్తే ఏమి, రాకపోతే ఏమి? యేళ్లు నావి,” అంది. “సోమవారం వస్తావు గదా?”

“వస్తా.”

“నేనెక్కినాకనే నువ్వెక్కల్ల. తోలే యప్ప ఎవరన్నా గానీ, బండి ఎవరిదన్నా గానీ. నేను బతికున్నన్నాళ్లూ.”

“సరే,” అన్నాడు మాబుసాబ్.

ఆమె వెనక్కి తిరక్కుండా మార్కెట్టు దారి పట్టింది. రుక్సానా చంక కింద చేయి వేసి అతన్ని లేపింది. లోపల అమృత మంచం మీద దుప్పటి పరుస్తూ తొందరగా రమ్మని చేయి ఊపుతోంది. కర్ర ఊనుకుని నాలుగడుగులు వేశాక మాబుసాబ్ ఆగాడు.

“సోమవారం ఐదింటికే పోదాం పాపా,” అన్నాడు. “ఆమె వచ్చేటప్పటికి బండి పట్టుకోని నిలబడల్ల.”